పల్లవి ఆలస్యంగా వచ్చే పాటలు

మొన్న ఇంజనీరింగ్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఎవరో జర్మన్ రాక్ బ్యాండు స్కార్పియన్స్ పాత కచేరీ వీడియో ఒకటి పెట్టారు. క్షణాల్లో ఎర్ర గుండెలు వరసకట్టాయి. వాటి వెనకే ఒక మిత్రుడి మాట: "మనం మిస్సవుతున్నది ఈ పాటల్ని కాదర్రా, మన ఇరవయ్యేళ్ల వయసుని. అప్పుడు ఏం విన్నా ఇలాగే ఉండేది." అందరూ అవునవునన్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. గ్రూపులో వాదన పెట్టుకోవడం ఇష్టంలేక అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

ముందు అతని పక్షాన చెప్పాల్సింది చెప్పేస్తాను. మనిషికి సుమారు పదేళ్ల నుంచి ముప్ఫయ్యేళ్ల లోపు జరిగినవే మిగతా జీవితం కన్నా ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. పాటల విషయంలో అది మనందరికీ అనుభవమే. మా అమ్మని అడిగితే వివిధభారతి అంటుంది, మా అక్కని అడిగితే చిత్రలహరి అంటుంది. కాబట్టి వయసు ప్రభావం లేదని నేను అనడం లేదు.

కానీ ఆ వయసులో నేను విన్నవి ఈ పాటలొక్కటే కాదు. టీవీలో రోజంతా తిరిగిన ఇండీపాప్ విన్నాను, బాయ్ బ్యాండ్లు విన్నాను, సినిమా పాటలు సరేసరి. వాటిలో చాలావరకు ఇప్పుడు వినబడితే "ఓ, ఇదా" అనుకుని నా పని నేను చేసుకుంటాను. స్కార్పియన్స్ "స్టిల్ లవింగ్ యూ" మొదలైతే మాత్రం చేతిలో పని ఆగిపోతుంది. వయసే కారణమైతే అన్నీ ఒకేలా పట్టుకోవాలి కదా. అన్నీ జారిపోయి ఈ కొన్నే ఎందుకు మిగిలాయి? నాకు తోచిన జవాబు ఆ పాటలు కట్టిన తీరులో ఉంది.

పల్లవి దాచిపెట్టుకునే పాట

మన సినిమా పాట పల్లవితో మొదలవుతుంది. పాటలో అన్నిటికన్నా అందమైన ముక్కని ముందే చేతిలో పెడుతుంది. ఆ తర్వాత చరణం ఎంత దూరం తీసుకెళ్లినా మళ్లీ పల్లవి దగ్గరికే తెచ్చి దింపుతుందని మనకి తెలుసు. ఆ భరోసాలో ఒక సుఖం ఉంది. నేను పెరిగింది ఆ సుఖంలోనే.

పవర్ బ్యాలడ్, అంటే రాక్ బ్యాండ్లు పాడే ఈ నెమ్మది ప్రేమపాట, దీనికి పూర్తిగా తలకిందులు. ముందు చరణం వస్తుంది, అదీ దాదాపు గొణుగుతున్నట్టు. ఒక్క గిటారో, ఒక్క పియానోనో తోడుంటుంది. డ్రమ్స్ వాయించేవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. లెడ్ జెపెలిన్ 1971లో చేసిన "స్టెయిర్‌వే టు హెవెన్" ఎనిమిది నిమిషాల పాట. అందులో డ్రమ్స్ మోగేది నాలుగు నిమిషాలు దాటాకే. మన పాటలైతే ఆ పాటికి రెండు చరణాలు పూర్తయి మనం కాఫీ తాగుతుంటాం. ఆ పాటకి మనం అనుకునే పల్లవి అసలు లేనే లేదు, మెట్టు మెట్టుగా ఎక్కడమే ఉంది. 1970ల్లో, 80ల్లో వచ్చిన బ్యాలడ్లలో చాలావాటికి ఇదే దారి: ముందు మెల్లగా మొదలై, కొంచెం కొంచెంగా బరువెక్కి, ఎక్కడో ఒకచోట తలుపులు బార్లా తెరుచుకుంటాయి. అప్పుడు గానీ గొంతెత్తి పాడటానికి మనకి అనుమతి రాదు.

ఈ సంగతి నాకు ఒక పాడైపోయిన క్యాసెట్ నేర్పింది. మా పెదనాన్నగారబ్బాయి వరంగల్ ఆర్‌ఈసీలో చదివేవాడు. సెలవులకి గుంటూరు వచ్చినప్పుడల్లా హాస్టల్లో డబుల్ డెక్ టేప్ రికార్డర్ మీద కాపీ చేసిన క్యాసెట్లు తెచ్చేవాడు. వాటి మీద బాల్‌పెన్నుతో బ్యాండు పేరు తప్ప ఇంకేం ఉండేది కాదు. అందులో ఒక దాంట్లో ఎ సైడు చివరి పాట "స్టిల్ లవింగ్ యూ". పాట ఆరు నిమిషాల పైచిలుకు, టేపులో మిగిలింది అంతకన్నా తక్కువ. గిటారు పైకెక్కుతుండగా, పాడేవాడు ఏదో పెద్ద మాట అనబోతున్నాడని తెలుస్తుండగా, ప్లే బటన్ టక్కున పైకి లేచేది. ఇంటర్ చదువుతున్న రోజులన్నీ ఆ పాటని అంతవరకే విన్నాను.

తర్వాత హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు రూమ్మేటు ఒక ఎంపీత్రీ సీడీ కొని తెచ్చింది. అందులో ఈ పాట పూర్తిగా ఉంది. టేపు ఆగిపోయే చోటు దగ్గర పడేసరికి నా వేళ్లు బిగుసుకున్నాయి. పాట ఆగలేదు. అప్పుడు విన్నాను, పాట పేరుగా ఉన్న ఆ వాక్యం పూర్తి రూపంలో చివరి భాగం దాకా రానే రాదు. అంతవరకు ప్రేమిస్తున్నానని మాత్రమే అంటాడు. అహాన్ని గాయపరిచానని ఒప్పుకున్న తర్వాతే "ఇంకా" అనే మాట వస్తుంది. అది వచ్చాక దాన్ని మళ్లీ మళ్లీ అంటూ, ఆ ఒక్క వాక్యం మీదే పాటని ముగిస్తాడు. అన్నేళ్లు నా దగ్గరున్నది తాళంచెవి లేని పెట్టె అన్నమాట. దాన్ని కట్టినవాళ్లు ఆ మాటని ఎక్కడ పెట్టాలో లెక్క వేసుకుని పెట్టారు. నా వయసుకీ ఆ లెక్కకీ సంబంధం లేదు.

ఆ కాలంలో పుట్టని వాళ్ల మాటేమిటి

ఇదంతా నా మనసుకి అలా అనిపించిందంతే అనుకోవచ్చు. అందుకే నా బాల్యంతో గానీ యవ్వనంతో గానీ సంబంధం లేని ఒక ఉదాహరణ చెబుతాను. 2020లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన ఇద్దరు కవల కుర్రాళ్లు ఫిల్ కాలిన్స్ 1981 నాటి "ఇన్ ది ఎయిర్ టునైట్" మొదటిసారి వింటూ తమని తాము వీడియో తీసుకున్నారు. ఆ పాట కూడా మూడున్నర నిమిషాల పైగా చాలా తగ్గు స్వరంలో నడిచి, అప్పుడు ఒక్కసారిగా డ్రమ్స్‌తో విరుచుకుపడుతుంది. అది బ్యాలడ్ అవునా కాదా అని లెక్కలు తీసేవాళ్లు ఉంటారు, నా వాదనకి ఆ తేడా అడ్డు కాదు. డ్రమ్స్ పడిన క్షణంలో ఆ కుర్రాళ్ల మొహాలు చూడాలి! వెనక్కి వాలిపోయి, ఒకరి వంక ఒకరు చూసుకుని, పాటలో మూడో నిమిషం దాటాక డ్రమ్స్ వేయడం తామెప్పుడూ చూడలేదని ఆశ్చర్యపోయారు. లక్షలమంది ఆ వీడియో చూశారు, దాదాపు నలభయ్యేళ్ల నాటి పాట మళ్లీ అమ్మకాల జాబితాలో పైకెక్కింది. వాళ్లకి 1981తో ఏ జ్ఞాపకమూ లేదు. వాళ్లని పట్టుకున్నది ఆ నిరీక్షణ, అది తెగిన క్షణం. అంతే.

వాళ్ల ఆశ్చర్యానికి కారణం కూడా ఉంది. ఇప్పుడు పాటలు అలా కట్టడం లేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఒక పరిశోధకుడు 1986 నుంచి 2015 దాకా అమెరికా టాప్ టెన్‌లోకి వచ్చిన పాటల్ని పరిశీలించాడు. 80ల మధ్యలో గొంతు వినబడటానికి ముందు సగటున 20 సెకన్లకు పైగా వాయిద్యం నడిచేది. 2015 వచ్చేసరికి అది 5 సెకన్లకి పడిపోయింది. స్పాటిఫైలో పాట 30 సెకన్లు నడిస్తేనే విన్నట్టు లెక్క. ఆ లోపు వినేవాడు వేలితో తోసేస్తే పాటగాడికి పైసా రాదు. అలాంటప్పుడు పల్లవిని ఆఖర్న ఎవరు పెడతారు? పాట కట్టేవాళ్లని నేను తప్పుపట్టడం లేదు. బతకాలి కదా.

మా అక్క కూతురు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. దానికి నేను ఈ పాటలు పంపిస్తే వేలితో జరిపి సరిగ్గా పల్లవి దగ్గరికి వెళ్లి వింటుంది. "బావుంది పిన్నీ, కానీ ఇంత అరుస్తాడేంటి?" అంటుంది. మొదటి రెండు నిమిషాలు వినకపోతే అది నిజంగా అరుపే. ఆ మొదటి రెండు నిమిషాల్లో అతను ఎంత తగ్గి మాట్లాడాడో తెలిస్తేనే అది అరుపు కాకుండా పోతుంది. ఇది చెబితే దాని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గన్స్ అండ్ రోజెస్ "నవంబర్ రెయిన్" వీడియోకి వంద కోట్ల వీక్షణలు వచ్చాయి, యూట్యూబ్ పుట్టకముందు తీసిన వీడియోల్లో ఆ అంకె దాటిన మొదటిది అదే. దాదాపు తొమ్మిది నిమిషాల పాట. "అవన్నీ మీ వయసు వాళ్లే చూశారా? మాకు ఓపిక లేదని ఎందుకంటావు?" అని అడిగింది. దాని మాటలో నిజం ఉంది. ఓపిక పోయిందని నేననను. ఓపిక పట్టమని అడిగే పాటలు తగ్గాయి అంటాను.

నాన్న, ఈల, వన్స్ మోర్

ఈ ఆలస్యం పాశ్చాత్యులకే చెల్లిందనుకుని ఉండేదాన్నేమో, నాన్న లేకపోతే. ఒకసారి ఇంట్లో "విండ్ ఆఫ్ చేంజ్" పెట్టాను. అది ఈలతో మొదలవుతుంది. స్కార్పియన్స్ గాయకుడు క్లాస్ మైనే స్వయంగా వేసిన ఈల. దాన్ని తీసేయమని రికార్డు కంపెనీ వాళ్లు అడిగారని, బ్యాండు ఒప్పుకోలేదని ఆయనే తర్వాత చెప్పాడు. పేపరు చదువుకుంటున్న నాన్న తల పైకెత్తి, "ఎవరే ఇది? రఘురామయ్యలా వేస్తున్నాడే!" అన్నారు.

ఈలపాట రఘురామయ్యని స్టేజీ మీద కృష్ణుడి వేషంలో చూసిన తరం మా నాన్నది. నోట్లో వేలు పెట్టుకుని పద్యం రాగాన్నంతా ఈలలో పలికించేవాడట. ఆ రోజు నాన్న నా పాట సంగతి వదిలేసి నాటకం సంగతి ఎత్తుకున్నారు. పొద్దుగూకాక అన్నాలు తిని, చాపలు చంకన పెట్టుకుని పక్క ఊరికి నడిచి వెళ్లడం. పెట్రోమాక్స్ లైట్లు. ఏ అర్ధరాత్రో గానీ రాయబారం సీను వచ్చేది కాదు. పిల్లలు నిద్రపోతే పెద్దలు తట్టి లేపేవాళ్లు, "కృష్ణుడొచ్చాడు లేవరా" అని. పద్యం నాలుగు పాదాలూ నిలకడగా చదివి, చివర్లో రాగం ఎత్తుకునేవాడు. హార్మోనియం వెంటపడేది. జనం మొత్తం ఆ రాగం కోసమే కూర్చునేవాళ్లు. అది దిగగానే "వన్స్ మోర్!" అని ఊగిపోయేవాళ్లు. మళ్లీ పాడేదాకా సీను ముందుకి కదలనిచ్చేవాళ్లు కాదు.

నాకు ఒళ్లు ఝల్లుమంది. అక్షరాలా అదే పని. నెమ్మదిగా చెప్పడం, ఆపడం, ఆఖర్న ఎత్తుకోవడం. "అయితే నాన్నా, ఆ పద్యాలు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నాయిగా, వింటారా?" అని పెట్టిచ్చాను. కాసేపు విన్నారు. "బాగానే ఉంది. కానీ ఆ జనం లేకుండా ఏముంటుందే ఇందులో" అని ఆపేయమన్నారు.

నా వాదనకి గట్టిగా తగిలిన దెబ్బ ఇదే, వాట్సాప్ మిత్రుడిది కాదు. పాట కట్టిన తీరులోనే అంతా ఉంటే నాన్నకి ఆ పద్యం ఒక్కటే చాలాలి. చాల్లేదు. కాబట్టి కట్టడం ఒక్కటే సరిపోదు, కలిసి ఎదురుచూసే వాళ్లు కూడా కావాలి. చాన్నాళ్లు ఆలోచించాక ఈ రెండూ వేరు కావని తోచింది. పాట వెంటనే పల్లవి ఇచ్చేస్తే ఎవరికి వారు పాడేసుకుంటారు. ఆలస్యం చేస్తేనే పక్కవాడు కూడా నాలాగే బిగబట్టుకుని ఉన్నాడని తెలుస్తుంది. అంతమందిని ఒక్క ఊపిరి మీద నిలబెట్టేది ఆ ఆలస్యమే.

అమ్మడానికి కట్టినవేగా అంటే

అవును, అమ్మడానికే. దాచేదేం లేదు. 1985లో మాట్లీ క్రూ "హోమ్ స్వీట్ హోమ్" ఎంటీవీలో దుమ్ము రేపాక, తోలు జాకెట్లూ పొడుగు జుట్టూ ఉన్న ప్రతి బ్యాండూ ఆల్బమ్‌కి ఒక బ్యాలడ్ పెట్టుకుంది. రేడియోలో వేస్తారు, ఆడపిల్లలు కొంటారు అన్నది కంపెనీల లెక్క. ఏరోస్మిత్ 1970లో పుట్టిన బ్యాండు. అమెరికాలో వాళ్లకి నంబర్ వన్ దక్కింది 1998లో, ఒక సినిమా కోసం డయాన్ వారెన్ రాసిచ్చిన బ్యాలడ్‌తో. జర్నీ బ్యాండు "ఓపెన్ ఆర్మ్స్" కథ ఇంకా చిత్రం. జొనాథన్ కెయిన్ ఆ బాణీని తన పాత బ్యాండు వాళ్లకి వినిపిస్తే మరీ మెత్తగా ఉందని పక్కన పెట్టారు. జర్నీకి వచ్చాక దాన్ని పూర్తి చేస్తే 1982లో అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్లింది. నాజరెత్ 70ల్లో పాడిన "లవ్ హర్ట్స్" సొంత పాట కూడా కాదు, 1960లో ఎవర్లీ బ్రదర్స్ పాడినది.

అయితే ఏమిటి? నాన్న చూసిన నాటకాల్లో సగం కంట్రాక్టు నాటకాలే. కంట్రాక్టరు పేరున్న నటుల్ని ఊరూరి నుంచి పోగేసి, టిక్కెట్లు పెట్టి ఆడించేవాడు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండేవాళ్లు. దాన్నిబట్టి రాగం తక్కువైందా? డబ్బు కోసం పాడాడా లేదా అన్నది పాట విన్నప్పుడు నాకు అడ్డురాలేదు.

అడ్డొచ్చింది ఇంకొకటి. ఈ పాటలన్నీ దాదాపు మగవాడి నోటివి. ఆడది వెళ్లిపోయి ఉంటుంది, లేదా వెళ్లిపోబోతుంటుంది. ఆమె ఎందుకు వెళ్లిందో పాట చెప్పదు. ఇతనేం చేశాడో కూడా సరిగ్గా చెప్పదు. పెళ్లయి, సంసారం చూశాక కొన్ని పాటలు వింటే "ఆమె వెళ్లిపోయి మంచి పని చేసింది" అనిపించింది కూడా. 1987లో హార్ట్ బ్యాండులో ఆన్ విల్సన్ పాడిన "అలోన్" విన్నప్పుడే, ఈ రకం పాటలో ఆడమనిషి కూడా నిలబడి తన మాట తను చెప్పగలదని నాకు తెలిసింది. ఆ పాటలో కూడా పియానో మీద మెల్లగా మొదలుపెట్టి, పల్లవిలో ఆవిడ గొంతు విప్పే తీరు నాకు ఇప్పటికీ భయభక్తులు పుట్టిస్తుంది. అయితే మగవాళ్ల పాటల్ని నేను వదులుకోలేదు. పాడుతున్నప్పుడు అందులో "నేను" అనే మాట నాదైపోతుంది. ఏడవకూడదని పెంచిన మగపిల్లలు అంత గట్టిగా, అంతమంది ముందు క్షమించమని అడగడం నేను మరే పాటల్లోనూ అంతగా వినలేదు.

ప్యాలెస్ గ్రౌండ్స్

2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ మాబోటి వాళ్లకి తీర్థం. మార్చి 17న ఐరన్ మెయిడెన్ వచ్చింది, జూన్ 2న ఏరోస్మిత్. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. అన్నయ్యా, నేనూ, ఆఫీసులో ఇద్దరు స్నేహితులూ కాచిగూడలో రాత్రి రైలెక్కాం. అమ్మకి ఒకటే టెన్షన్. నాన్న మాత్రం "నాటకానికి వెళ్తోంది, వెళ్లనీ" అన్నారు.

అక్కడ పాటల వరస ఏమిటన్నది నా మనసులో నిలబడలేదు. నిలిచింది వాటికి ముందు జరిగినదంతా. మధ్యాహ్నం నుంచే లైను. గేటు దగ్గర మంచినీళ్ల సీసాలు లాగేసుకున్నారు. లోపల మా పక్కన నాగాలాండ్ నుంచి వచ్చి బెంగళూరులో నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు నిలబడ్డారు. వెనక నుంచి తోపులాట మొదలయ్యేసరికి వాళ్లు చేతులు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, నన్నూ నా స్నేహితురాలినీ లోపలికి లాగారు. వాళ్ల ఊళ్లలో చర్చిలో గిటారు, ఇంట్లో గిటారు. ఏ బ్యాండు ఏ పాటైనా మాట పొల్లుపోకుండా వచ్చు. స్టేజీ మీదకి ఎవరో పనివాడొచ్చి గిటారు తీగ ఒకటి లాగి శ్రుతి సరిచూస్తే మైదానం మొత్తం గావుకేక పెట్టింది. అతను సిగ్గుపడి లోపలికి పోయాడు. ఇంకొంచెంసేపటికి మరొకడొచ్చి మైకులో "చెక్, చెక్" అన్నాడు. మళ్లీ కేక. ఏ పాటతో మొదలుపెడతారో మాలో ఎవరికీ తెలియదు, పందేలు నడుస్తున్నాయి. అప్పుడు దీపాలన్నీ ఒక్కసారిగా ఆర్పేశారు. ఆ చీకట్లో నాగా అమ్మాయి నా మణికట్టు మీద వేళ్లు బిగించింది. ఆ పట్టు ఇప్పటికీ నాకు తెలుస్తుంది.

నెమ్మది పాట వచ్చినప్పుడు కొన్ని లైటర్లు వెలిగాయి. ఎక్కువమంది దగ్గర నోకియా ఫోన్లే ఉన్నాయి, వాటి నీలం వెలుగే పైకెత్తారు.

ఇంత ప్రేమగా చెబుతున్నాను కదా అని అక్కడంతా బావుందని అనను. ఆడవాళ్లకి మరుగుదొడ్లు నామమాత్రం. చీకట్లో ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందోనన్న భయం పాట మధ్యలో కూడా పోదు. ఆ నర్సింగ్ అమ్మాయిలు లేకపోతే నేను సగంలోనే బయటికొచ్చేసేదాన్ని. 2011 అక్టోబర్ 28న గుర్‌గావ్‌లో మెటాలికా కచేరీ రద్దయితే జనం స్టేజీ మీదకెక్కి సామాన్లు విరగ్గొట్టారు. రెండ్రోజుల తర్వాత అదే బ్యాండు బెంగళూరులో పాడితే వేలమంది చక్కగా విని ఇళ్లకెళ్లారు. జనం అంటే రెండూను. ఆ రోజుల్ని తలుచుకునేటప్పుడు మగ స్నేహితులు ఈ భాగం ఎత్తరు, వాళ్లకి గుర్తుండాల్సిన అవసరం రాలేదు. నాకు తిరిగి కావాలనిపించేది ఆ ఎదురుచూపు మాత్రమే, ఆ ఏర్పాట్లు కావు.

గొంతులు పెద్దవైతే

2024 ఆగస్టులో ఏరోస్మిత్ ఇక కచేరీ యాత్రలు చేయమని ప్రకటించింది. అంతకు ముందు ఏడాది వాళ్ల గాయకుడు స్టీవెన్ టైలర్ గొంతుకి తగిలిన గాయం పూర్తిగా నయం కాలేదు. ఆ వార్త చదివి చాలాసేపు బాధపడ్డాను. అదే సమయంలో వాళ్లు చేసింది సరైన పనే అనిపించింది.

ఈ విషయంలో ఒక్కో బ్యాండుది ఒక్కో దారి. జర్నీ 2007లో యూట్యూబ్‌లో వెతికి, మనీలాలో తమ పాటలే పాడుకుంటున్న ఆర్నెల్ పినేడాని గాయకుడిగా తెచ్చుకుంది. పాత గాయకుడు స్టీవ్ పెర్రీ లేని జర్నీ జర్నీయే కాదనే వాళ్లున్నారు. నాకలా అనిపించదు. రఘురామయ్య తర్వాత కృష్ణుడి వేషం ఆగిపోలేదు. పాట గొంతు కన్నా పెద్దదైతే కొత్త గొంతు వచ్చి దాన్ని మోయాలి.

క్లాస్ మైనే కథ వేరు. 80ల మొదట్లో ఆల్బమ్ మధ్యలో గొంతు పూర్తిగా పోయింది. వేరే గాయకుడిని చూసుకోమని ఆయనే చెప్పాడు. బ్యాండు ఒప్పుకోలేదు, స్వరతంతువులకి ఆపరేషన్ అయ్యేదాకా ఆగారు. "స్టిల్ లవింగ్ యూ" వచ్చింది ఆ తర్వాతే, 1984లో. కోలుకున్న గొంతుతో పాడిన పాట అది. 2010లో వీడ్కోలు యాత్ర అన్నారు, మనసొప్పక మళ్లీ కొనసాగించారు. బ్యాండు పుట్టింది 1965లో. ఆయనకి ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటాయి, పాత ఎత్తులు అందుకోవడం కష్టమవుతోంది. అయినా నాకు ఆ పాటల మీద గౌరవం పెరిగింది 2022లో. 1989 ఆగస్టులో మాస్కో లెనిన్ స్టేడియంలో పాడి వచ్చాక రాసుకున్న పాట "విండ్ ఆఫ్ చేంజ్". రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్లాక అందులో మాస్కో ఊసున్న మొదటి పంక్తుల్ని తీసేసి ఉక్రెయిన్ పేరు పెట్టి పాడటం మొదలుపెట్టారు. ముప్ఫయ్యేళ్లుగా లోకమంతా కంఠస్థం చేసిన పంక్తులవి. వాటిని ముట్టుకుంటే పాత అభిమానులు నొచ్చుకుంటారని తెలిసీ మార్చారు. కేవలం జ్ఞాపకాలు అమ్ముకునే వాళ్లయితే ఆ పని చేయరు.

2024 డిసెంబర్‌లో బ్రయన్ ఆడమ్స్ హైదరాబాద్ వచ్చినప్పుడు మా అక్క కూతుర్ని తీసుకెళ్లాను. ఆయన పాడబోయే పాటల వరస ముందు ఊళ్ల కచేరీల నుంచి నెట్‌లోకి వచ్చేసింది, అది చదివేసుకుంది. నేను చూడనన్నాను. "హెవెన్" దగ్గర అది ఫోన్ పైకెత్తింది. ఆ పాట ఆయన జర్నీ బ్యాండుతో కలిసి తిరిగిన రోజుల్లో, వాళ్ల "ఫెయిత్‌ఫుల్లీ" ప్రభావంతో కట్టింది, డ్రమ్స్ వాయించింది కూడా జర్నీ స్టీవ్ స్మిత్‌. ఇవన్నీ దారిలో దానికి చెప్పే ఉన్నాను. పల్లవి ఒక్కటే రికార్డు చేసుకుంటుందనుకున్నాను. మొదటి పియానో మెట్టు దగ్గర మొదలుపెట్టి ఆఖరి దాకా తీసింది. ఇంటికొచ్చాక చూసుకుంటూ, "మధ్యలో ఆయన కన్నా నీ గొంతే ఎక్కువ వినిపిస్తోంది పిన్నీ" అంది. తీసేయమన్నాను, తీయనంది.

"స్టిల్ లవింగ్ యూ" మొదటి రెండు నిమిషాలు మరీ నెమ్మది అన్న దాని అభిప్రాయం మాత్రం మారలేదు. పోయిన వారం అదొక కొత్త పాట పంపించి, ఇందులో డ్రమ్స్ ఆలస్యంగా వస్తాయి విను అంది. రెండుసార్లు విన్నాను. బాగుంది. ఇంకో చరణం ఆగి వేయాల్సిందని రాశాను. దాని మీద మా ఇద్దరికీ వాదన ఇంకా నడుస్తోంది.